రోగుల చార్ట్ ఫోటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టొచ్చా? టీమ్ లీడ్ బిల్లింగ్ కోడ్ లెవల్ పెంచమంటే బాధ్యత ఎవరిది?

రమ్య_కోడర్:

నమస్తే అండీ. సీపీసీ (మెడికల్ కోడింగ్ సర్టిఫికెట్ పరీక్ష) పాసయ్యాక అమెరికా క్లినిక్‌లకు బిల్లింగ్ చేసే ఒక చిన్న కంపెనీలో చేరాను, ఎక్కువగా ఫ్యామిలీ మెడిసిన్ చార్టులే వస్తాయి. చేరినప్పుడు హిపా (రోగి సమాచార గోప్యతకి సంబంధించిన అమెరికా చట్టం) ట్రైనింగ్ అని ఒక వీడియో చూపించి, చివర్లో క్విజ్ పెట్టి, సర్టిఫికెట్ చేతిలో పెట్టారు, అంతే. పనిలోకి దిగాక వచ్చే సందేహాలు ఒక్కటీ ఆ వీడియోలో లేవు.

మొదటిది. మా టీమ్‌కి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఎవరికి డౌట్ వచ్చినా స్క్రీన్‌ని ఫోన్‌తో ఫోటో తీసి, పేరు మీద నల్లగీత గీసి అందులో పెట్టేస్తారు, సీనియర్లు జవాబు చెప్తారు. "పేరు కనబడట్లేదు కదా, అది పీహెచ్ఐ (చట్టం కాపాడే రోగి ఆరోగ్య సమాచారం) కాదు" అంటున్నారు. నిజమేనా? నాకు మాత్రం ఆ గ్రూపు తెరిస్తేనే టెన్షన్.

రెండోది ఇంకా ఇబ్బంది. ఒక డాక్టర్ చార్టుల్లో నాకు 99213 (ఆఫీస్ విజిట్‌కి వేసే బిల్లింగ్ కోడ్, 99214 దానికంటే పై లెవల్, ఎక్కువ డబ్బు వచ్చేది) వస్తుంటే, మా లీడ్ "ఆయన విజిట్స్ అన్నీ 99214కే వెళ్తాయి, క్లయింట్‌కి అదే కావాలి, మార్చి పంపు" అంటారు. నోటితో చెప్పడమే, మెయిల్‌లో ఎప్పుడూ రాయరు. రేపు ఆడిట్‌లో పట్టుకుంటే కనబడేది నా లాగిన్. బాధ్యత డాక్టర్‌దా, కంపెనీదా, నాదా?

మూడోది. మా బంధువు ఒకాయన అమెరికాలో మా క్లయింట్ క్లినిక్‌కే వెళ్తారట. "నా క్లెయిమ్ ఎక్కడ ఆగిందో ఒకసారి చూసి చెప్పమ్మా" అంటున్నారు. తన రికార్డు గురించి తనే అడుగుతున్నారు కదా, చూస్తే తప్పా? ఇంకా చూడలేదు. పెద్దాయన, కాదంటే ఏమనుకుంటారోనని మొహమాటంగా ఉంది. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పాత_ఆడిటర్:

రమ్య గారూ, మీకు వచ్చిన టెన్షన్ సరైనదే. ముందు ఫోటోల సంగతి చెప్తాను, రోజూ జరిగేది అదే కాబట్టి.

పేరు చెరిపేస్తే పీహెచ్ఐ కాదు అనేది పూర్తిగా తప్పు. హిపా ప్రైవసీ రూల్‌లో సేఫ్ హార్బర్ అనే పద్ధతి ఉంది, ఒక రికార్డులోంచి 18 రకాల గుర్తులు తీసేస్తేనే అది ఎవరిదో తెలియని సమాచారం కింద లెక్క. పేరు ఆ 18లో ఒకటి మాత్రమే. డేట్ ఆఫ్ సర్వీస్ కూడా గుర్తే, సంవత్సరం ఒక్కటే ఉంచొచ్చు, నెలా తేదీ ఉండకూడదు. ఎం.ఆర్.ఎన్. (రోగి రికార్డు నంబర్), అకౌంట్ నంబర్, ఇన్సూరెన్స్ మెంబర్ ఐడీ, ఫోన్, ఈమెయిల్, రాష్ట్రం కంటే చిన్నదైన ఏ అడ్రస్ అయినా, 89 దాటిన వయసు, ఇవన్నీ గుర్తులే. ఇవి పోయాక కూడా, మిగిలిన దానితో ఆ మనిషి ఫలానా అని తెలిసిపోతుందని మీకు తెలిస్తే అప్పుడూ చెల్లదు. మీ గ్రూపులోని ఒక్క ఫోటో తీసి జాగ్రత్తగా చూడండి. పైన హెడర్‌లో పుట్టినతేదీ ఉంటుంది, పక్కన ఎం.ఆర్.ఎన్. ఉంటుంది, నోట్ చివర డాక్టర్ ఎలక్ట్రానిక్ సంతకం పక్కన తేదీ, టైమ్ ఉంటాయి. పేరు మీద గీసిన గీత కూడా కొన్నిసార్లు పల్చగా ఉండి, బ్రైట్‌నెస్ పెంచితే కింద అక్షరాలు కనబడతాయి.

పైగా ఆ ఫోటో పదిమంది సొంత ఫోన్లలో గ్యాలరీలోకి, అక్కడి నుంచి క్లౌడ్ బ్యాకప్‌లోకి వెళ్లిపోతుంది. ఫోన్ పోయినా, మనిషి ఉద్యోగం మానేసినా రోగి సమాచారం ఆ ఫోన్‌తోనే పోతుంది. మీ కంపెనీ క్లినిక్‌తో బిజినెస్ అసోసియేట్ అగ్రిమెంట్ (రోగి సమాచారాన్ని కాపాడతామనే ఒప్పందం) మీద సంతకం పెట్టే ఉంటుంది, దాని కింద మీరంతా ఆ సమాచారానికి కాపలా ఉండాల్సినవాళ్లు. మీరు మామూలుగా వాడే ఆ చాట్ యాప్‌తో అలాంటి అగ్రిమెంట్ ఏదీ లేదు.

డౌట్ అడగడానికి ఫోటో అక్కర్లేదండీ. "ఎస్టాబ్లిష్డ్ పేషెంట్, షుగర్ కంట్రోల్‌లో ఉంది, బీపీ కంట్రోల్‌లో ఉంది, రెండింటికీ మందులు అలాగే కొనసాగించారు, ల్యాబ్స్ ఏమీ ఆర్డర్ చేయలేదు, టైమ్ రాయలేదు, లెవల్ ఎంత?" అని రాస్తే చాలు. ఇందులో మనిషి లేడు, కోడింగ్ ప్రశ్న మాత్రమే ఉంది. దీన్ని కూడా కంపెనీ ఇచ్చిన చాట్‌లో అడగడమే మంచిది.

ఇక లెవల్ సంగతి. ముందు ఒక మాట, లీడ్ చెప్పారు కాబట్టి తప్పే అయ్యుంటుందని అనుకోకండి, చార్ట్ చూసి తేల్చుకోండి. 2021 నుంచి ఆఫీస్ విజిట్ లెవల్ ఎండీఎం (డాక్టర్ తీసుకున్న వైద్య నిర్ణయం ఎంత క్లిష్టమైనదనే లెక్క) మీద గానీ, డాక్టర్ ఆ రోజు పెట్టిన మొత్తం టైమ్ మీద గానీ నిర్ణయిస్తాం. ఎండీఎంలో ప్రాబ్లమ్స్, డేటా, రిస్క్ అనే మూడింటిలో రెండు ఆ లెవల్‌ని అందుకోవాలి. నేను పైన రాసిన ఉదాహరణనే తీసుకోండి. నిలకడగా ఉన్న క్రానిక్ జబ్బులు రెండు, అంటే ప్రాబ్లమ్స్ మోడరేట్. ప్రిస్క్రిప్షన్ డ్రగ్ మేనేజ్‌మెంట్, అంటే రిస్క్ మోడరేట్. రెండూ కలిశాయి, అది 99214. కొత్త కోడర్లు చాలామంది "మందు రీఫిల్ చేసిందే కదా" అని దాన్ని 99213కి దించేస్తారు, అదీ తప్పే. అదే చార్టులో నిలకడగా ఉన్న బీపీ ఒక్కటే ఉండి, అదే మందు కొనసాగిస్తే ప్రాబ్లమ్స్ తక్కువ (లో) లెవల్, రిస్క్ మోడరేట్, డేటా ఏమీ లేదు, అప్పుడది 99213. ఆ ఒక్క బీపీయే కంట్రోల్ తప్పి డోసు పెంచారనుకోండి, టార్గెట్‌లో లేని జబ్బు నిలకడగా ఉన్నట్టు కాదు కాబట్టి మళ్లీ 99214కి వెళ్తుంది. డాక్టర్ మొత్తం టైమ్ 30 నిమిషాలు లేదా ఎక్కువ అని రాసినా 99214 వస్తుంది.

ఇలా చూశాక కూడా 99213 దగ్గరే ఆగితే దాన్ని మార్చడానికి చార్ట్‌లో ఏ ఆధారమూ లేనట్టే. "ఆయనవి అన్నీ 99214కే వెళ్తాయి" అనేది ఆధారం కాదు. నిజానికి ఒక డాక్టర్ విజిట్స్ అన్నీ ఒకే లెవల్‌లో ఉండటమే పేయర్ల (బిల్లు చెల్లించే ఇన్సూరెన్స్ వాళ్ల) డేటా ఎనలిటిక్స్‌కి మొదట కంటబడేది.

కిరణ్_హెచ్‌సీసీ:

ఇంత భయపెట్టాలా కొత్తవాళ్లని? ప్రాక్టికల్‌గా మాట్లాడుకుందాం. క్లెయిమ్ మీద ఉండేది డాక్టర్ ఎన్‌పీఐ (డాక్టర్ గుర్తింపు నంబర్), డబ్బు వెళ్లేది క్లినిక్‌కి. కోడర్‌ని పట్టుకెళ్లి కోర్టులో నిలబెట్టిన కేసులు ఎన్ని ఉంటాయి? లీడ్ చెప్పింది చేయడం మన పని, ప్రతి చార్ట్‌కీ ఎదురు మాట్లాడితే ప్రొడక్షన్ టార్గెట్ ఎవరు కొడతారు?

నిర్మల_కంప్లయన్స్:

కిరణ్ గారూ, టార్గెట్ ఒత్తిడి నాకు తెలియనిది కాదు, కానీ ఈ సలహా కొత్తవాళ్లకి ఇవ్వకండి, దీనివల్ల వాళ్లకే నష్టం.

ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్ అనేది 1863లో అమెరికా అంతర్యుద్ధం నాటిది, సైన్యానికి నాసిరకం సరుకు అమ్మి ప్రభుత్వాన్ని మోసం చేసిన కాంట్రాక్టర్ల కోసం తెచ్చారు. ఇప్పుడు మెడికేర్, మెడికెయిడ్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకాలు) బిల్లింగ్ మీద ఎక్కువగా వాడేది దాన్నే. తప్పుడు క్లెయిమ్ పెట్టినవాళ్లతో పాటు, తెలిసి పెట్టించినవాళ్లనూ, దానికి పనికొచ్చే తప్పుడు రికార్డు తయారుచేసినవాళ్లనూ అది పట్టుకుంటుంది. "తెలిసి" అంటే అసలు విషయం ముందే తెలియడం ఒక్కటే కాదు. తెలుసుకోకుండా కావాలని కళ్లు మూసుకున్నా, నిజమా కాదా అని పట్టించుకోకుండా పంపేసినా తెలిసి చేసినట్టే లెక్క. మోసం చేయాలనే ఉద్దేశం నిరూపించాల్సిన అవసరం కూడా లేదు. కాబట్టి "లీడ్ చెప్పారు, నేను చార్ట్ చూడలేదు" అంటే అది మిమ్మల్ని కాపాడదు సరికదా, పట్టించుకోలేదని మీరే ఒప్పుకున్నట్టవుతుంది.

నష్టానికి మూడు రెట్లు కట్టాలి, దానిపైన ఒక్కో క్లెయిమ్‌కి విడిగా జరిమానా, 2025 లెక్కల్లో అది కనీసం 14 వేల డాలర్ల పైమాటే. 99213కి, 99214కి మధ్య మెడికేర్ ఇచ్చే తేడా సుమారు 40 డాలర్లు. ఆ 40 డాలర్ల కోసం ఒక్కో క్లెయిమ్ మీద అంత ప్రమాదం తెచ్చిపెట్టుకుంటున్నారు. ఇవి సివిల్ సంగతులు. తెలిసే, కావాలనే చేసిన హెల్త్‌కేర్ ఫ్రాడ్‌కి క్రిమినల్ చట్టం వేరే ఉంది, 10 ఏళ్ల వరకు జైలు. చిన్న ఉద్యోగి మీదికి వెళ్లడం అరుదే, ఆ మాట వరకు కిరణ్ గారితో ఒప్పుకుంటాను. అయితే విచారణ మొదలైతే ఆడిట్ లాగ్‌లో 99213ని 99214గా మార్చిన యూజర్ ఐడీ ఎవరిదో, ఎన్ని గంటలకో ఉంటుంది. నోటితో చెప్పిన లీడ్ మాట ఎక్కడా ఉండదు.

కాబట్టి రమ్య గారూ, ఆ మాటను రాతలోకి తీసుకురండి. గొడవ పెట్టుకోవడానికి కాదు, మామూలు పని మెయిల్‌లాగే. నేనైతే ఇలా రాస్తాను: "ఈ అకౌంట్‌లో ప్రాబ్లమ్స్ తక్కువ (లో) లెవల్, రిస్క్ మోడరేట్, డేటా లేదు, టైమ్ రాయలేదు, అందుకే 99213 వేశాను. 99214కి మార్చమన్నారు, నేను చూడని డాక్యుమెంటేషన్ ఏదైనా ఉంటే చెప్పండి, లేదంటే ప్రొవైడర్‌కి క్వెరీ పంపుతాను." అకౌంట్‌ని కంపెనీ లోపలి నంబర్‌తోనే చెప్పండి, పేరు, పుట్టినతేదీ వద్దు, కంపెనీ మెయిల్ నుంచే పంపండి. చాలాసార్లు ఇక్కడితోనే ఆగిపోతుంది, రాసి అడిగినదానికి "అయినా మార్చు" అని రాసి ఇచ్చే లీడ్‌లు తక్కువ.

క్వెరీ, అంటే డాక్టర్‌ని వివరణ అడిగే ప్రశ్న, పంపేటప్పుడూ ఒక జాగ్రత్త. "99214 రావాలంటే జబ్బు కంట్రోల్‌లో లేదని రాయండి" అని అడిగితే అది లీడింగ్ క్వెరీ, అంటే జవాబు మనమే అందించినట్టు. దానివల్ల ఎంత డబ్బు వస్తుందో అసలు ప్రస్తావించకూడదు. "బీపీ 162/98 అని ఉంది, అసెస్‌మెంట్‌లో హైపర్‌టెన్షన్ అని మాత్రమే ఉంది, ప్రస్తుత స్థితి ఏమిటో స్పష్టం చేయగలరా" అని చార్ట్‌లో ఉన్న సంగతి చూపించి అడగాలి. డాక్టర్ జవాబిస్తే, జవాబిచ్చిన రోజు తేదీతో అడెండమ్‌గా (నోట్‌కి విడి అనుబంధంగా) చేరాలి, పాత నోట్‌ని లోపల దిద్దేయకూడదు.

లీడ్ వినకపోతే కంప్లయన్స్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లండి. అక్కడా తలుపులు మూసేస్తే అమెరికా ఆరోగ్య శాఖ ఓఐజీ (మోసాలపై విచారణ చేసే విభాగం) హాట్‌లైన్ ఉంది. ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్‌లోనే, ఇలా అభ్యంతరం చెప్పిన ఉద్యోగిని తీసేస్తే ఉద్యోగం తిరిగి ఇప్పించి, పోయిన జీతానికి రెట్టింపు ఇప్పించే సెక్షన్ ఉంది. ఆధారాల పేరుతో చార్టులు సొంత మెయిల్‌కి పంపుకోవడం మాత్రం చేయకండి. మోసం జరుగుతోందని నమ్మిన ఉద్యోగి తన లాయర్‌కీ, పర్యవేక్షణ అధికారులకీ సమాచారం ఇవ్వడానికి హిపా దారి ఇచ్చింది, అయితే ఏది ఎంతవరకు తీసుకెళ్లొచ్చో లాయర్‌ని అడిగాకే ఏదైనా.

వేణు_ఏఆర్:

మూడో ప్రశ్నకి ఎవరూ రాలేదు కాబట్టి నేను చెప్తాను. చూడకండి.

మీకు ఆ సిస్టమ్‌లో యాక్సెస్ ఇచ్చింది మీకు కేటాయించిన పని కోసం. పేమెంట్ పనికి రోగి విడిగా సంతకం పెట్టకపోయినా రికార్డు చూడొచ్చు, నిజమే, కానీ ఆ చూడటం కూడా మినిమమ్ నెసెసరీ రూల్‌కి లోబడే ఉంటుంది, అంటే మీ చేతిలో ఉన్న క్లెయిమ్‌కి ఎంత కావాలో అంతే. మీ వర్క్‌క్యూలో (మీకు అప్పగించిన పనుల జాబితాలో) లేని బంధువు అకౌంట్ తెరిస్తే అది పని కాదు. ఆయన నోటితో సరేనన్నారనేది లాగ్‌లో కనబడదు, ఒకే ఇంటిపేరు ఉన్న రికార్డుని అసైన్ చేయకుండా తెరిచారనేది మాత్రం కనబడుతుంది. లాస్ ఏంజిలిస్‌లో ఒక ఆసుపత్రి మాజీ ఉద్యోగి పనితో సంబంధం లేకుండా తోటి ఉద్యోగుల, సెలబ్రిటీల రికార్డులు తెరిచి చూసినందుకు 2010లో నాలుగు నెలల జైలు శిక్ష పడింది. ఆ సమాచారాన్ని అమ్మినట్టు కూడా కాదు, ఊరికే చూసినందుకే.

పెద్దాయనకి చెప్పడం కష్టమేమీ కాదండీ. "బాబాయ్, నేను తెరిస్తే నా ఉద్యోగం పోతుంది, మీ ఇన్సూరెన్స్ కార్డు వెనక నంబర్‌కి ఫోన్ చేస్తే మీ క్లెయిమ్ స్టేటస్ వాళ్లే చెప్తారు, ఈఓబీ (ఇన్సూరెన్స్ ఏం కట్టిందో చెప్పే కాగితం) వచ్చాక అందులో రిమార్క్ అర్థం కాకపోతే మీరే చదివి వినిపించండి, అర్థం చెప్తాను" అనండి. రికార్డులు కావాలంటే క్లినిక్‌ని రాసి అడగొచ్చు, 30 రోజుల్లో ఇవ్వాలి, తప్పనిసరైతే ఇంకో 30 రోజులు ఒకసారి పొడిగించుకోవచ్చు.

ఇంకో విషయం, ఎవరూ అడగలేదు గానీ మా డెస్క్‌లో తరచూ దెబ్బతినేది ఇక్కడే. రోగి జేబులోంచి మొత్తం డబ్బు కట్టేసి "ఈ విజిట్ సంగతి నా ఇన్సూరెన్స్‌కి పంపొద్దు" అని రాసిస్తే, చట్టం వేరే రకంగా తప్పనిసరి చేయని పక్షంలో, క్లినిక్ ఆ మాట పాటించాల్సిందే, 2009 నాటి హైటెక్ యాక్ట్ తెచ్చిన హక్కు అది. ఫ్రంట్ డెస్క్ దాన్ని నోట్స్‌లో ఎక్కడో రాసి వదిలేస్తుంది, బిల్లింగ్‌లో మనం అలవాటుగా క్లెయిమ్ పంపేస్తాం, భర్త పేరు మీద పాలసీ ఉంటే ఈఓబీ ఆయన చేతికి వెళ్తుంది. ఆ అమ్మాయి దాచుకోవాలనుకున్న విషయం మన ఒక్క క్లిక్‌తో ఇంట్లో తెలిసిపోయినట్టే. అందుకే సెల్ఫ్ పే అని కనబడితే ముందు అకౌంట్ నోట్స్ చదవండి.

లాగిన్ కూడా ఎవరికీ ఇవ్వకండి, "నా పాస్‌వర్డ్ లాక్ అయింది, నీది ఒకసారి ఇవ్వు" అన్నా సరే. 2024 ఫిబ్రవరిలో ఛేంజ్ హెల్త్‌కేర్ (అమెరికాలో క్లెయిములు చేరవేసే కంపెనీ) మీద జరిగిన సైబర్ దాడి గుర్తుందిగా, దొంగిలించిన లాగిన్‌తో, మల్టీ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో తనిఖీ) లేని ఒక రిమోట్ పోర్టల్‌లోంచి లోపలికి వచ్చారు. అమెరికా అంతటా క్లెయిములు వారాల తరబడి నిలిచిపోయాయి, దాదాపు 19 కోట్ల మంది సమాచారం బయటికి పోయింది.

రమ్య_కోడర్:

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. మెయిల్ నమూనా చాలా ఉపయోగపడుతుంది, ఇవాళే రెండు అకౌంట్లకి అలా రాసి పంపాను. ఒకటి నేను మళ్లీ చూస్తే నిజంగానే 99214, డోసు మార్చినట్టు ప్లాన్‌లో కింద రాసి ఉంది.

గ్రూపు గురించి ఇంకో డౌట్. అందులో ఇప్పటికే పాత ఫోటోలు బోలెడు ఉన్నాయి, ఆటోమేటిక్‌గా నా ఫోన్‌లోకి కూడా వచ్చాయి. అన్నీ డిలీట్ చేసేసి గ్రూపులోంచి బయటికి వచ్చేస్తే సరిపోతుందా? ఇంకొకటి, ఆ డాక్టర్ పాత క్లెయిములు ఇదివరకే డబ్బు వచ్చేసినవి ఉన్నాయి కదా, వాటి సంగతేంటి?

నిర్మల_కంప్లయన్స్:

డిలీట్ చేసి చప్పుడు చేయకుండా బయటికి రావొద్దు. ముందు ప్రైవసీ ఆఫీసర్‌కి ఒక మెయిల్ పెట్టండి, ఫోటోలు జతచేయకుండా: ఫలానా గ్రూపులో చార్టుల ఫోటోలు వస్తున్నాయి, నా ఫోన్‌లోకి కూడా చేరాయి, ఏం చేయమంటారు అని. ఆటో డౌన్‌లోడ్, క్లౌడ్ బ్యాకప్ మాత్రం ఇప్పుడే ఆపేయండి. మిగతావి ఎలా తీసేయాలో, తీసేసినట్టు ఎలా రాసి ఇవ్వాలో వాళ్లు చెప్పాలి. ఎందుకంటే ఇది బ్రీచ్ (సమాచార గోప్యత ఉల్లంఘన) కిందికి వస్తుందా రాదా అని తేల్చాల్సింది వాళ్లే: ఎలాంటి సమాచారం, ఎవరి చేతికి వెళ్లింది, నిజంగా చూశారా, ప్రమాదం ఎంతవరకు తగ్గించగలిగారు అనే నాలుగు విషయాలు చూస్తారు. బ్రీచ్ అయితే కంపెనీ క్లినిక్‌కి, క్లినిక్ రోగులకి చెప్పాలి, అనవసరమైన ఆలస్యం లేకుండా, ఎట్టి పరిస్థితుల్లోనూ తెలిసిన దగ్గర్నుంచి 60 రోజులు దాటకుండా. 500 మంది లేదా అంతకంటే ఎక్కువైతే ఆరోగ్య శాఖకీ అదే గడువులో చెప్పాలి. ఉద్యోగికి తెలిస్తే కంపెనీకి తెలిసినట్టే లెక్క, కాబట్టి మీరు ఆగిన ప్రతి రోజూ ఆ గడువులోంచే పోతుంది.

రిపోర్ట్ చేస్తే టీమ్‌లో ముఖం చాటేస్తారేమోనని మీకు అనిపించొచ్చు. ఎవరి పేరూ చెప్పకుండా పద్ధతి గురించే రాయొచ్చు, పేర్లు కావాలంటే వాళ్లే అడుగుతారు.

పాత_ఆడిటర్:

పాత క్లెయిముల గురించి. మెడికేర్ నుంచి ఎక్కువ డబ్బు వచ్చిందని గుర్తించాక 60 రోజుల్లో తిరిగి చెప్పి కట్టేయాలని 2010 అఫర్డబుల్ కేర్ యాక్ట్‌లో ఉంది. తెలిసీ అట్టే పెట్టుకుంటే, మొదట్లో అమాయకంగా పెట్టిన క్లెయిమ్ కూడా ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్ కిందికి వచ్చేస్తుంది. 2025 జనవరి నుంచి, నిజాయితీగా లోపల విచారణ చేస్తుంటే ఆ గడువుని 180 రోజుల వరకు ఆపి ఉంచే వీలు ఇచ్చారు. ఇది క్లినిక్ చేయాల్సిన పని, మీది కాదు. మీరు పాత క్లెయిములు సొంతంగా తవ్వి సరిచేయడం మొదలుపెట్టకండి, మళ్లీ మినిమమ్ నెసెసరీ సమస్య వస్తుంది. కంప్లయన్స్‌కి రాసే మెయిల్‌లో "ఈ ప్రొవైడర్ 99214లు శాంపిల్ ఆడిట్ చేస్తే మంచిదనిపిస్తోంది" అని ఒక్క వాక్యం చేర్చండి, ఆ శాంపిల్ తీయడం వాళ్ల పని. మీరు పంపిన మెయిళ్లు కంపెనీ మెయిల్‌బాక్స్‌లోనే ఒక ఫోల్డర్‌లో ఉంచుకోండి, సొంత మెయిల్‌కి ఫార్వర్డ్ చేసుకోకుండా, ఏ తేదీన ఎవరికి ఏం రాశారో మాత్రం రోగి వివరాలు లేకుండా మీ డైరీలో రాసుకోవచ్చు.

కిరణ్_హెచ్‌సీసీ:

నిర్మల గారూ, యూజర్ ఐడీ సంగతి నేను ఆ కోణంలో ఆలోచించలేదు. మా దగ్గర కూడా నోటిమాటే నడుస్తుంది. రేపటి నుంచి చాట్‌లోనైనా రాసి అడుగుతాను.